పుచ్చుకోవడమేనా, ఇచ్చేది లేదా?

2020ని ఏఐ సంవత్సరంగా ప్రకటించుకున్న రాష్ట్రం మనది. 2023లో వ్యవసాయ డేటా ఎక్స్ఛేంజ్ కూడా హైదరాబాద్‌లోనే మొదలైంది. పోర్టళ్లకు, డ్యాష్‌బోర్డులకు కొదవ లేదు. మరి ఈ నగరం చుట్టూ ఉన్న పరిశోధన సంస్థల్లో ప్రజల సొమ్ముతో పోగుపడిన డేటా ఒకదానితో ఒకటి కలుస్తుందా? ఒక ల్యాబులో తయారైన ఎక్సెల్ ఫైలు పక్క ల్యాబుకు అర్థం కాదు. ప్రాజెక్టు ముగిసి స్కాలర్ వెళ్లిపోయాక సొంత ల్యాబుకూ అర్థం కాదు.

కంది పంటనే తీసుకుందాం. ‘పూతకు రోజులు’ అన్న గడిలో 72 అని ఉంటుంది. విత్తిన రోజు నుంచి లెక్కా, మొలకెత్తిన రోజు నుంచా? తొలి పువ్వు కనిపించిన రోజా, సగం మొక్కలు పూసిన రోజా? మరో కేంద్రం షీటులోనూ అదే 72, అర్థం మాత్రం వేరు. రెండూ కలిపి కంప్యూటర్‌కిస్తే రెండు రకాలూ ఒకేసారి పూస్తాయని నిక్షేపంగా చెప్పేస్తుంది. ఆంటాలజీ విప్పేది ఈ చిక్కునే. ఏ లక్షణాన్ని, ఏ పద్ధతిలో, ఏ కొలమానంతో కొలిచారో ఒక్కోదానికి అందరూ ఒప్పుకున్న గుర్తింపు కోడ్ ఇచ్చి, వాటి మధ్య సంబంధాలను యంత్రం చదవగలిగేలా రాసిపెడుతుంది. కంది, శనగ, జొన్న, వేరుశనగలకు ‘క్రాప్ ఆంటాలజీ’లో ఈ పని ఇప్పటికే జరిగింది. అందులో పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తల చెయ్యి ఉంది. నమూనా కోసం విమానం ఎక్కనక్కర్లేదు, సిటీ బస్సు చాలు.

డేటా పంచుకోమంటే రోగుల గోప్యత, పేటెంట్లు, కంపెనీలు తన్నుకుపోతాయన్న భయం ఉన్నాయంటారు. ఉన్నాయి, కాదనం. అయితే కోడ్ రాసినంత మాత్రాన డేటా బజారున పడదు. ఎవరికి చూపాలో, ఎవరికి వద్దో నిర్ణయించే తాళం సంస్థ చేతిలోనే ఉంటుంది.

మాకు కోపం తెప్పిస్తున్నది వేరే. 1998లో ఈస్ట్ (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి), డ్రోసోఫిలా ఈగ, ఎలుక జన్యువుల డేటాబేస్‌ల వాళ్లు కలిసి, ఏ జన్యువు ఏం చేస్తుందో ఇలాంటి కోడ్‌లతో రాసే ‘జీన్ ఆంటాలజీ’ మొదలుపెట్టారు. ఇవాళ హబ్సిగూడ ల్యాబుల్లోనైనా, రాజేంద్రనగర్ ల్యాబుల్లోనైనా జన్యువుల జాబితా చేతికి రాగానే ముందు దానితోనే సరిచూసుకుంటారు. పైసా కట్టరు. ఎక్కడెక్కడి వాళ్లో ఏళ్ల తరబడి కూర్చుని ఒక్కో జన్యువుకు రాసిపెట్టిన వివరం అది. దాన్ని వాడి పేపర్లు అచ్చేసుకుని, పదోన్నతులు తెచ్చుకుని, తమ డేటా అడిగితే మాత్రం ‘రిక్వెస్ట్ పెట్టండి, చూస్తాం’ అనడం ఏం న్యాయం? పుచ్చుకునేటప్పుడు లేని మొహమాటం ఇచ్చేటప్పుడే ఎందుకు?

కాగితాలకేం తక్కువ లేదు. 2012 నాటి జాతీయ డేటా విధానం ఉంది. 2021లో జీవశాస్త్ర డేటా పంచుకోవడంపై బయోటెక్-ప్రైడ్ మార్గదర్శకాలు వచ్చాయి. 2022లో ఫరీదాబాద్‌లో జీవశాస్త్ర డేటా కేంద్రం తెరిచారు. అయినా గ్రాంట్ దరఖాస్తులో డేటా పంచుకుంటామని ఒక పేరా రాసేసి మరిచిపోవడం మామూలైపోయింది. నిధులిచ్చే శాఖలూ అడగవు. పరికరాల బిల్లు ఒక్క రూపాయి తేడా వస్తే ఆడిట్ అభ్యంతరం పెట్టే ఆఫీసులకు, ఆ పరికరాలు కొలిచిన డేటా ఎటు పోయిందో పట్టదు.

కోడ్‌లతో సహా డేటా జమ చేసేదాకా గ్రాంట్ చివరి వాయిదా ఆపండి. ప్రతి సంస్థలో ఈ పనికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టండి. పీహెచ్‌డీ పిల్లల నెత్తిన రుద్దకండి. ఈ రెండూ చేతకానివారు ఏఐ వేదికలెక్కి ఉపన్యాసాలివ్వడమైనా మానుకోవాలి.