తంజావూరు పెద్దగుడి నీడ నేల మీదే పడుతుంది

వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది ఆ మెసేజ్: "తంజావూరు బృహదీశ్వరాలయం నీడ మధ్యాహ్నం నేల మీద పడదు. శిఖరం 80 టన్నుల ఏకశిల. ఎవరు కట్టారో అంతుచిక్కదు. వెయ్యేళ్లుగా గుడి, పూజలు చెక్కుచెదరలేదు."

ముందు నీడ సంగతి. విమానం (గర్భగుడి మీది ఎత్తైన కట్టడం) ఎత్తు సుమారు 60 మీటర్లు, అడుగున ఒక్కో పక్క 30. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు 56 డిగ్రీల ఎత్తులో, దక్షిణంగా ఉంటాడు. లెక్కేస్తే కొన నీడ విమానం మధ్య నుంచి ఉత్తరానికి 40 మీటర్లు వెళ్తుంది. గోడేమో 15 మీటర్లకే అయిపోయె. మిగతాది ప్రాంగణంలో కాక ఎక్కడ పడుతుంది? ఏప్రిల్ మూడో వారంలో, ఆగస్టు చివర్లో సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి నీడ కనపడదు. ఆ రోజుల్లో ఊళ్లోని వాటర్ ట్యాంకుకూ అదే మహిమ!

విమానం కొన మీది శిఖరం ఏకశిల కాదు, ముక్కలుగా చెక్కి కూర్చింది. కాబట్టి దాన్ని పైకి దొర్లించుకెళ్లడానికి వేశారనే ఆరు కిలోమీటర్ల మట్టికట్ట కథకూ పని లేదు.

ఎవరు కట్టారో తెలియకపోవడమేమిటి? గోడల నిండా శాసనాలే. శిల్పి కుంజరమల్లన్ రాజరాజ పెరుంతచ్చన్ పేరు ఉంది. తానిచ్చినవీ, అక్క కుందవై ఇచ్చినవీ, ఇతరులిచ్చినవీ రాతి మీద చెక్కమని రాజరాజ చోళుడే ఆజ్ఞాపించాడు. 1010లో, తన పాలన 25వ ఏట, 275వ రోజున విమానం కొనకు రాగి కలశం ఇచ్చినట్టు రోజుతో సహా రాయించాడు. ఇంతకన్నా పద్దు ఏం కావాలి?

ఇక 'చెక్కుచెదరలేదు' అన్న మాట. అమ్మవారి గుడి 13వ శతాబ్దపు పాండ్యులది. సుబ్రహ్మణ్యుడి గుడి, ప్రదోషం నాడు జనం కిటకిటలాడుతూ అభిషేకం చూసే పెద్ద నంది తర్వాత తంజావూరును ఏలిన నాయక రాజుల కాలానివి. ఆ నాయకులు తెలుగువాళ్లే. ఈ మెసేజ్ పంచుతూ మనవాళ్ల వాటాను మనమే చెరిపేస్తున్నాం. గర్భగుడి చుట్టూ ఉన్న చోళుల చిత్రాలైతే నాయకుల రంగుల కింద మరుగున పడి 1931లో గానీ బయటపడలేదు.

పూజలూ అంతే. చోళుల నాడు ఒక్క అఖండ దీపానికి 96 గొర్రెలు ఇచ్చేవారు. తీసుకున్న కాపరి రోజూ ఒక ఉళక్కు (అప్పటి చిన్న కొలత) నెయ్యి పోయాలి. వేరే గుళ్ల నుంచి రప్పించిన 400 మంది నాట్యగత్తెలకు తలా ఒక ఇల్లు, ఏడాదికి 100 కలాల (అప్పటి ధాన్యం కొలత) వడ్లు. ఆ ఏర్పాట్లేవీ ఇప్పుడు లేవు. మొన్నటికి మొన్న, 2020 ఫిబ్రవరి 5న కుంభాభిషేకం ఏ భాషలో చేయాలన్న తగువు మద్రాసు హైకోర్టుకు వెళ్లి, చివరికి సంస్కృతం, తమిళం రెండింటిలోనూ జరిగింది.