ఎంగిలి టోపీ

జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్తూ సంచిలో ఉన్ని ఎందుకు పెట్టుకున్నావని మా ఆయన అడుగుతున్నారు. నవంబరులో మా తిరుపతి బ్యాంకుల్లో పింఛనుదారుల వరసను ఒక్కసారి చూసినవాళ్ళెవరూ ఆ ప్రశ్న వేయరు. రైల్వేలో చేసి రిటైరైనదాన్ని, ఇంకా బతికే ఉన్నానని ఏటా రుజువు చూపించుకోవాలి. ముఖం చూపిస్తే ఫోనులోనే పనైపోతుందని ప్రకటనలిస్తున్నారు. మా ఫోను నా ముఖాన్ని ఒప్పుకోలేదు. ఆ గొడవ ఇప్పుడు వద్దు.

ఉన్ని మా మేనకోడలు ఐస్‌లాండ్ చూసి వస్తూ తెచ్చింది. మామూలు దారపు ఉండ కాదు, వడకని ఉన్ని. గొర్రె బొచ్చును ఏకి, సన్నని పాయగా లాగి, పురి పెట్టకుండానే చక్రంలా చుట్టి అమ్ముతారు. పురి లేదు గనుక పోగులు పక్కపక్కన పడుకుని ఉంటాయే తప్ప ఒకదాన్నొకటి పట్టుకోవు. కాస్త గట్టిగా లాగితే చప్పుడైనా లేకుండా విడిపోతాయి. అల్లేశాక మాత్రం బాగా నిలుస్తుంది, తేలికగానూ వెచ్చగానూ ఉంటుంది. అక్కడివాళ్ళు దీంతో స్వెట్టర్లే అల్లుకుంటారు. మనవైపు ఇది ఎవరికి తెలుసు? నెల్లూరు గొర్రెకు ఒంటి నిండా ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. అందుకే బ్యాంకు గుమ్మంలో సెక్యూరిటీ ఆయన సంచి తెరిపించి, ఆ తెల్లటి చుట్టను వేలితో పొడిచి చూసి, "కల్యాణకట్ట నుంచా అమ్మా?" అన్నాడు. ఎవరో పండుముసలి ఇచ్చిన తలనీలాలను నేను మూటగట్టుకొచ్చానని ఆయన అనుమానం.

టోకెన్ తీసుకుని కూర్చున్నాను. బోర్డు మీద అంకె కదలడం లేదు. క్రోషియా కొక్కెం తీసి మా ఆయనకు టోపీ మొదలుపెట్టాను. ఉన్ని తెగింది.

దీన్ని ముడి వేసి కలపలేం. బిగించబోతే ముడి కాస్తా చేతికి ఊడి వస్తుంది. రెండు కొసలనూ విప్పి, ఒకదాని మీద ఒకటి పరిచి, తడి చేసి, అరచేతుల మధ్య వేడి పుట్టేదాకా నలపాలి. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ తగిలితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని, మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. అక్రిలిక్ దారం దగ్గర ఈ పప్పులుడకవు. తడికి నీళ్ళు చాలు, కానీ మూలనున్న మంచినీళ్ళ యంత్రానికి "పనిచేయదు" అని కాగితం అంటించారు. ఆ కాగితం కూడా పసుపుపచ్చబడింది. దేశదేశాల్లో అల్లేవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. కొసలు నాలుకకు అద్ది నలిపాను.

"ఎవరికమ్మా ఆ టోపీ?" పక్క కుర్చీలో పెద్దావిడ అడిగారు.

"మా ఆయనకండీ. కొండ మీద చలికి."

ఆవిడ కాసేపు నా నోటి వంక, కాసేపు టోపీ వంక చూశారు. "ఎంగిలి టోపీ పెట్టుకుని స్వామి దర్శనానికా?"

గొంతు పెద్దది. వరసంతా ఇటు తిరిగింది. వెనక నుంచి పంచె కట్టుకున్న పెద్దమనిషి, "ఉన్నికి మైల లేదండీ, పట్టుకూ ఉన్నికీ మడి ఉంది" అని నా తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. సంతోషించేలోపే ఇంకొకాయన, "ఉన్నికి లేకపోవచ్చు, ఉమ్ముకు లేదా?" అన్నారు. అక్కడి నుంచి అది విద్వత్సభ అయిపోయింది. శబరి ఎంగిలి పళ్ళు పెట్టలేదా అని ఒకరు. అంత దూరం ఎందుకు, కాళహస్తిలో కన్నప్ప పుక్కిట పట్టిన నీళ్ళతో అభిషేకమే చేశాడు కదా అని మరొకరు. "ఆయన శివుడు, పట్టించుకోడు. ఇక్కడ అలా కాదు" అని పెద్దావిడ తీర్పు. కన్నప్ప కళ్ళిచ్చాడు, ఈవిడ ఏమిచ్చింది అని ఎవరో అన్నారు. ఏమిస్తాను? జీవన ప్రమాణ పత్రం ఇద్దామనే వచ్చాను.

ఇంత శాస్త్రచర్చ జరుగుతుంటే ఎదురుగా కౌంటర్లో గుమాస్తాగారు బొటనవేలు నాలుకకు అద్దుకుంటూ నోట్లు లెక్కపెడుతున్నారు. పక్కనే స్పాంజి డబ్బా ఉంది, ఎండిపోయి ఉంది. ఆ నోట్లు ఊరంతా తిరుగుతాయి, రేపు హుండీలోనూ పడతాయి. వాటి గురించి ఒక్కరూ నోరెత్తరేం?

ఈలోగా నా నంబరు పిలిచారట. వినలేదు.

"పిలిచినప్పుడు రావాలి మేడం" అన్నారు గుమాస్తాగారు, గంటల తరబడి మమ్మల్ని కూర్చోబెట్టిన మనిషి. వేలు యంత్రం మీద పెట్టాను. సరిపోలలేదంది. ఇంకో వేలు పెట్టాను. అదీ అంతే. ఆయన వంగి చూశారు. యంత్రం అద్దం మీద సన్నటి తెల్లని నూగు. నా వేళ్ళ నిండా అదే. పమిటతో తుడిస్తే ఉన్ని పమిటకూ అంటింది గానీ వేళ్ళను వదల్లేదు.

"వేలు కాస్త తడి చేసుకోండి మేడం."

"నీళ్ళెక్కడున్నాయండీ?"

ఆయన మంచినీళ్ళ యంత్రం వైపు చూశారు, స్పాంజి డబ్బా వైపు చూశారు, చివరికి నా వైపు చూసి, తన బొటనవేలు నోటి దగ్గర పెట్టి సైగ చేశారు.

వెనక నుంచి పెద్దావిడ చూస్తూనే ఉన్నారు. నాలుకకు అద్దుకుని ఉంగరం వేలు పెట్టాను. బతికే ఉన్నానని ఒప్పుకుంది.

ఆటో ఎక్కాక చూసుకుంటే కొక్కెం లేదు, కౌంటరు మీదే వదిలేశాను. వెనక్కి వెళ్తే భోజన విరామం బోర్డు పెట్టేశారు. మళ్ళీ టోకెన్ తీసుకోమన్నాడు సెక్యూరిటీ ఆయన.