సవరణ: నాయిస్ రెట్టింపైతే స్పైకులు రెట్టింపు కావు

పోయిన ఆదివారం న్యూరాన్ల (నాడీకణాల) మీద పెట్టిన పోస్టులో "నాయిస్ రెట్టింపైతే స్పైకులూ రెట్టింపవుతాయి" అని రాశాను. తప్పు. (స్పైకులంటే న్యూరాన్ పంపే చిన్న విద్యుత్ సంకేతాలు, నాయిస్ అంటే దానికి తగిలే అడ్డదిడ్డమైన కుదుపులు.) బెంగళూరు మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ బాబాయిగారు టీ తాగుతూ "అంత లెక్కగా ఎలా పెరుగుతాయి అబ్బాయ్?" అని అడిగేదాకా నాకు తట్టలేదు.

మా ఇంట్లో పాత ఫ్లష్ ట్యాంకు ఉంది. హ్యాండిల్ కొంచెం కదిపితే నాలుగు చుక్కలు కారి ఆగిపోతాయి. ఒక హద్దు దాటిందా, ట్యాంకు మొత్తం ఖాళీ. ఇంకా గట్టిగా నొక్కినా అంతకు మించి రాదు. మళ్లీ నిండేదాకా ఎంత నొక్కినా లాభం లేదు. (కావేరి నీళ్లు రాని రోజైతే చెప్పనే అక్కర్లేదు.) న్యూరాన్‌దీ ఇదే తీరు: ట్యాంకు ఒకసారి ఖాళీ అవడమే ఒక స్పైకు.

ఆ హ్యాండిల్‌ని ఎవరో కళ్లు మూసుకుని అటూ ఇటూ కదుపుతున్నారనుకోండి. అదే నాయిస్. హద్దు ఎత్తుని నాయిస్ తీవ్రతతో భాగించండి. భౌతిక శాస్త్రవేత్త క్రేమర్స్ 1940లో చూపించినట్టు, హద్దు దాటడానికి పట్టే సగటు సమయం అలా వచ్చిన సంఖ్యను బట్టి ఘాతీయంగా మారుతుంది, అంటే ఆ సంఖ్య ఒకటి తగ్గిన ప్రతిసారీ సమయం దాదాపు 2.7వ వంతుకి పడిపోతుంది. అది 10 అనుకుంటే, తీవ్రత రెట్టింపైనప్పుడు 5 అవుతుంది. ఎదురుచూపు సగానికి కాదు, దాదాపు 148వ వంతుకి పడిపోతుంది! ఆపైన ఇంకా పెంచితే మాత్రం ట్యాంకు నిండే సమయమే అడ్డం.

ఇంకొకటి. నాయిస్ పెరిగేకొద్దీ స్పైకులు గజిబిజి అవుతాయన్నాను. అదీ సరికాదు. మరీ తక్కువా మరీ ఎక్కువా కాని నాయిస్ దగ్గర అవి బాగా క్రమంగా పడతాయని పికోవ్‌స్కీ, కుర్త్స్ అనే శాస్త్రవేత్తలు 1997లో ఫిట్జ్‌హ్యూ-నగుమో మోడల్‌తో (న్యూరాన్‌ని సులువుగా వర్ణించే గణిత నమూనా) చూపించారు.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను. గ్రాఫ్ సరిగ్గానే ఉంది, దాన్ని కదపలేదు.