మహారాజశ్రీ క్విక్సాటిక్ (quixotic) అనే ఇంగ్లీషు విశేషణం గారికి

నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమంతా క్షేమం. తమరి క్షేమమే అనుమానంగా ఉంది. ఈమధ్య గొడుగులకూ చెప్పులకూ కూడా తమరిని తగిలిస్తున్నారు.

ముందు పేరు సంగతి. తమరి తండ్రి స్పెయిన్ దేశస్థుడు, సెర్వాంటిస్ అనే రచయిత కథలో 1605లో పుట్టాడు. ఆయన్ని ఇంగ్లీషువాళ్లు డాన్ కిహోటీ (Don Quixote) అనే పిలుస్తారు. తమరి దగ్గరికొచ్చేసరికి స్పెల్లింగులోని ఎక్స్‌ని పట్టుకుని క్విక్సాటిక్ అన్నారు, ఒత్తు 'సా' మీద. తండ్రి పిలుపొకటి, కొడుకు పిలుపొకటి. 'క్విక్' వినబడింది కదా అని 'త్వరగా అయ్యేది' అని రాసే పిల్లలదా తప్పు?

ఇక అర్థం. గాలిమరలు ముప్పయ్యో నలభయ్యో కనబడితే తమరి తండ్రి రాక్షసులనుకున్నాడు. పక్కనున్న సేవకుడు సాంచో అవి రెక్కలు మహాప్రభో అని మొత్తుకున్నా వినలేదు. బక్క గుర్రాన్ని అదిలించి ఈటె గుచ్చాడు. గాలికి రెక్క తిరిగింది, ఈటె ముక్కలైంది, గుర్రమూ రౌతూ నేలమీద దొర్లారు. ఆశయం గొప్పది, పూనిక నిజమైనది, లెక్కే తప్పింది. ఈ మూడూ ఉన్నచోటే తమరు కూర్చోవాలి.

గాలికి తిరగబడే గొడుగు వట్టి ఇంప్రాక్టికల్, అంటే వాడకానికి పనికిరానిది. గొడుగుకి ఆశయం ఎక్కడిది? అసలు చేయడానికే వీల్లేని పథకమైతే ఇంప్రాక్టికబుల్, అదీ తమరు కాదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్టు గల్లంతని ఊరంతా చెప్తున్నా, ఒక్క నోటూ పంచకుండా, గెలుపు తనదేనని సైకిలు మీద తిరిగే అభ్యర్థి ఉంటాడే, ఆయన క్యాంపెయిన్ పక్కన తమరు కూర్చోవచ్చు. అటెంప్ట్ (ప్రయత్నం), క్వెస్ట్ (అన్వేషణ), మిషన్ అనే మాటలు కూడా తమరు పక్కన కూర్చోదగ్గ బంధువర్గమే.

తెలుగులో తమరికి సరిజోడు వెతికితే దొరకలేదు. గాలిమేడలు కట్టేవాడు మంచం దిగడు, తమరివాడు గుర్రమెక్కుతాడు. గొంతెమ్మ కోరికల్లో అడగడమే గానీ చేయడం లేదు. భగీరథ ప్రయత్నం కాస్త దగ్గరకొచ్చింది గానీ, ఆ మహానుభావుడు గంగను నిజంగానే దింపేశాడు.

ఒక్క ఫిర్యాదు. మెచ్చుకుంటున్నట్టే ఉండి కొట్టేస్తారు తమరు. పైఅధికారి ఫైలు మీద 'నోబుల్, బట్ క్విక్సాటిక్' అని రాస్తే, మొదటి మాట చదివి స్వీట్లు పంచేవాళ్లుంటారు. ఇకనుంచి ఆ 'బట్' దగ్గర ఒకసారి దగ్గి లోపలికి రావలసిందిగా మనవి.

చిత్తగించవలెను.

ఇట్లు,
విశేషణాల వాడకందారులు