కేవలం ఆర్థిక కారణాలే, నమ్మండి

అమెరికాలో ఏదైనా టీవీ షోను అర్ధంతరంగా ఆపేస్తే చాలు, దాన్ని చూసేవాళ్లంతా ఛానెల్ అధికారుల మీద విరుచుకుపడతారు. సంతకాల సేకరణలు, శాపనార్థాలు, సోషల్ మీడియాలో శోకాలు. పాపం, ఆ అధికారుల పక్షాన మాట్లాడే నాథుడే లేడు. అందుకని వాళ్లు అడక్కపోయినా వాళ్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు అక్కర్లేదు.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. షోలు ప్రేక్షకుల కోసం తీస్తారని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఛానెల్ అనే కొట్లో అమ్మకానికి పెట్టిన సరుకు మీరే. కొనేవాడు సబ్బుల కంపెనీ వాడు, కార్ల కంపెనీ వాడు. మిమ్మల్ని సోఫాలోంచి లేవకుండా చూసుకోవడం వరకే షో పని. సరుకు పాతబడిందని కొనేవాడు ముఖం తిప్పుకుంటే కొట్టువాడు కొత్త సరుకు తెప్పించుకుంటాడు. పాత సరుకు మనోభావాలు దెబ్బతిన్నాయని ఏ కొట్లోనైనా విన్నామా?

ఈ శాస్త్రానికి ఆదిగురువు సీబీఎస్ అనే ఛానెల్. ఆ సంస్థలో 1960ల చివర స్మదర్స్ బ్రదర్స్ అని ఇద్దరు అన్నదమ్ములు పాటలు పాడుతూ, కబుర్లు చెబుతూ నవ్వించేవారు. మొదట్లో ఇంటిల్లిపాదీ చూసే షోనే. తర్వాత వియత్నాం యుద్ధం మీద చురకలు మొదలయ్యాయి. కుర్రకారు ఎగబడి చూసింది, పై అంతస్తుల్లో బీపీలు పెరిగాయి. 1969 ఏప్రిల్‌లో షోను రద్దు చేశారు. యుద్ధం గురించి మాట్లాడినందుకని మీరనుకుంటే పొరపాటు. ఎపిసోడ్ టేపు ముందుగా చూసుకోవడానికి టైముకి పంపలేదట, అందుకని ఒప్పందం చెల్లదట. పంక్చువాలిటీ అంటే అంత పట్టింపు ఆ సంస్థకి. రద్దయ్యాక అదే షోకి రచన విభాగంలో ఎమ్మీ అవార్డు వచ్చింది. అన్నదమ్ములు కోర్టుకెళ్లారు. 1973లో కోర్టు వాళ్లకి 7,76,300 డాలర్లు ఇప్పించింది. టేపు లేటయినందుకు ఎదురు డబ్బులిచ్చిన సంస్థ చరిత్రలో మరొకటి ఉంటుందా?

ఇక్కడ అసలు ముచ్చట వేరే ఉంది. ఆ అన్నదమ్ముల స్లాట్‌లో 1969 జూన్‌లో ‘హీ హా’ అనే షో దిగింది. గడ్డివాములు, బాంజోలు, మొక్కజొన్న చేలోంచి ఒక్కొక్కరూ తల పైకెత్తి జోకు చెప్పి మళ్లీ చేలోకి వంగిపోవడం. యుద్ధం లేదు, రాజకీయం లేదు. జనం చూశారు. 1970-71 సీజన్ రేటింగుల్లో అది 16వ స్థానంలో ఉంది. దానికన్నా ఒక మెట్టు పైన, 15వ స్థానంలో, అదే సంస్థ వేసే మరో పల్లెటూరి షో ‘మేబెర్రీ ఆర్.ఎఫ్.డి.’ ఉంది.

1971లో రెండింటినీ తీసేశారు.

ఇంకో పల్లెటూరి షో ‘గ్రీన్ ఏకర్స్’ పోయింది. ‘బెవర్లీ హిల్‌బిల్లీస్’ పోయింది. ఈ రెండోది పొలంలో చమురు పడి రాత్రికి రాత్రి కోటీశ్వరులైన కొండ ప్రాంతపు కుటుంబం కథ. 1960ల మొదట్లో వరుసగా రెండేళ్లు దేశం మొత్తానికీ నంబర్ వన్. తెర మీదున్న కుటుంబానికి బోలెడు డబ్బుంది గానీ తెర ముందున్న కుటుంబానికి లేదని ప్రకటనల వాళ్లు కనిపెట్టారు. చూసేది పల్లెవాళ్లు, పెద్ద వయసు వాళ్లు. ఏళ్ల తరబడి వాడుతున్న టూత్‌పేస్టు మార్చరు, కొత్త కారు కొనరు. ఇలాంటివాళ్లు లక్షల్లో ఉంటే ఏం లాభం, కోట్లలో ఉంటే ఏం లాభం? కార్యక్రమాల విభాగం చూసే ఫ్రెడ్ సిల్వర్‌మన్ పల్లెటూళ్లను పట్టుకుని ఊడ్చేశాడు. ఆ ఏడాది చెట్టు కనిపించిన ప్రతి షోనూ సీబీఎస్ రద్దు చేసింది, ఆఖరికి ‘ల్యాసీ’ని కూడా అని ‘గ్రీన్ ఏకర్స్’ నటుడు పాట్ బట్రమ్ వాపోయాడు. ల్యాసీ అంటే కుక్క. పదిహేడేళ్లు నమ్మకంగా సేవ చేసిన కుక్క.

కుర్రాళ్లు చూసే షో తీసి పల్లెవాళ్లు చూసేది పెట్టడం, రెండేళ్లకి దాన్ని పల్లెవాళ్లే చూస్తున్నారని తీసేయడం. దీన్ని తిక్క అనేవాళ్లు అంటారు. నేను దూరదృష్టి అంటాను. ఆ ‘హీ హా’ మాత్రం బొత్తిగా సిగ్గు లేకుండా ఊరూరి స్టేషన్లకు విడిగా అమ్ముడుపోయి ఇంకో రెండు దశాబ్దాలు నడిచింది.

పోటీ ఛానెల్ ఎన్‌బీసీ వాళ్లని తక్కువ చేయకూడదు. ‘స్టార్ ట్రెక్’ చూసేది ఎక్కువగా చదువుకున్న కుర్రకారే. అయినా రేటింగ్ చాలదని, కుర్రకారంతా ఇల్లు వదిలి తిరిగే శుక్రవారం రాత్రి 10 గంటలకి దాన్ని జరిపారు. అప్పుడు రేటింగ్ ఇంకా చాలలేదు. 1969లో 79 ఎపిసోడ్లతో ఆపేశారు. మన దగ్గర గురువారం టీఆర్‌పీ చూసి రాత్రి సీరియల్‌ని మధ్యాహ్నం రెండింటికి తోసేసే విద్య ఇదే. అత్తగారు అయోమయంగా రిమోట్ నొక్కుతుంటే కోడలికి అర్థమైపోతుంది, హీరోయిన్‌కి నెల్లోపల శుభం కార్డు పడుతుందని.

కానీ స్లాట్ మార్చడం పాత పద్ధతి. ఫాక్స్ సంస్థ 2002లో ‘ఫైర్‌ఫ్లై’ విషయంలో అంతకన్నా ఉన్నతమైన ప్రయోగం చేసింది. అంతరిక్షంలో కౌబాయ్‌ల కథ. రెండు గంటల మొదటి ఎపిసోడ్ తీసి ఇస్తే నెమ్మదిగా ఉందన్నారు. సరే, దాన్ని పక్కన పెట్టి వేరే ఎపిసోడ్‌తో మొదలెట్టారు, మిగతావాటినీ ముందువెనకలు చేశారు. ఓడలో వీళ్లంతా ఎవరు, ఆ డాక్టర్ ఎందుకు పారిపోతున్నాడు, ఆ పిల్ల ఎవరు అని ప్రేక్షకులు జుట్టు పీక్కున్నారు. డిసెంబర్ 20న చివరాఖరికి మొదటి ఎపిసోడ్ వేశారు. పాత్రలు ఓడెక్కి ఒకళ్లనొకళ్లు పరిచయం చేసుకున్నాయి. అంతటితో ప్రసారం సమాప్తం. తీసినవి 14, వేసినవి 11. పెళ్లయ్యాక పెళ్లిచూపులు జరిపించి, జంట కుదరలేదని తేల్చిన ఘనత వాళ్లది.

ఇంతవరకూ చెప్పినవాటిలో ఎక్కడో ఒకచోట ప్రేక్షకుడి ప్రస్తావన ఉంది. వయసు ఎక్కువనో, జేబు ఖాళీ అనో. తర్వాతి రోజుల్లో ఆ చికాకు కూడా వదిలించుకున్నారు. అమెరికాలో ఒకప్పుడు ఛానెళ్లు తమ ప్రైమ్ టైమ్ షోలను తామే సొంతం చేసుకోకుండా 1970లో పెట్టిన నిబంధన ఉండేది. 1990ల మధ్యకల్లా అది పోయింది. అప్పటినుంచి షో బాగుందా లేదా అన్నదానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, ఇది ఎవరిది? బయటివాళ్లది వేస్తే ఏటేటా అద్దె పెరుగుతుంది. రీరన్ల డబ్బు, విదేశాల డబ్బు అన్నీ వాళ్లకే. మేపేది మనం, పాలు పితుక్కునేది వాళ్లు.

2018 మే 10న ఫాక్స్ ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ని రద్దు చేసింది. అది తీసేది ఎన్‌బీసీ తోబుట్టువు సంస్థ. మర్నాటికల్లా ఎన్‌బీసీ దాన్ని తన ఇంటికి తెచ్చుకుంది. ఇంకా రసవత్తరమైనది ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’. ఆరు సీజన్లు వేశాక 2017లో ఏబీసీ దాన్ని వదిలేసింది. తీసేది ఫాక్స్ స్టూడియో కదా, మనకేం మిగులుతుందని. 2018లో ఫాక్స్ ఛానెల్ అక్కున చేర్చుకుంది. మరుసటి ఏడాది ఏబీసీ యజమాని డిస్నీ వెళ్లి ఆ ఫాక్స్ స్టూడియోనే కొనేసింది. అంటే మనది కాదని ఏబీసీ గెంటేసిన షో, సొంత యజమాని షోగా మారి, ఎదుటి ఛానెల్లో నడిచింది. ఈ వరస తేల్చమని అడిగితే మన పెళ్లిళ్లలో వరసలు కలిపే పెద్దమ్మలు కూడా చేతులెత్తేస్తారు.

ఈ వంశవృక్షాల గాలి మన దాకా రాలేదనుకోకండి. ఒప్పందం ముగియడంతో 2023 మార్చి 31 నుంచి హెచ్‌బీఓ షోలన్నీ మన హాట్‌స్టార్‌లోంచి మాయమయ్యాయి. సగం సీజన్ చూసి పడుకున్న హైదరాబాద్ కుర్రాడు జియో సినిమా వేసుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండా ఆ రెండు యాప్‌లూ ఒకటై జియోహాట్‌స్టార్ అయ్యాయి. అతను ఎక్కడ మొదలెట్టాడో అక్కడికే వచ్చాడు, ఈసారి కొత్త పేరుతో.

ఇక ఈ కళ పరాకాష్ఠకు చేరింది 2022లో. ఆ ఏప్రిల్‌లో డిస్కవరీ, వార్నర్ మీడియా విలీనమయ్యాయి. కొత్త సంస్థ నెత్తిన 5,000 కోట్ల డాలర్లకు పైబడిన అప్పు. ఇలాంటప్పుడు మామూలు మనిషి ఉన్న షోలు చూపించి నాలుగు డబ్బులు సంపాదించాలనుకుంటాడు. అందుకే మామూలు మనిషి మామూలు మనిషిగా మిగిలిపోయాడు. ఆడిటర్ లెక్క వేరు. షో తీయడానికైన ఖర్చు పద్దుల్లో ఆస్తిగా ఉంటుంది, ఏళ్ల మీద కొంచెం కొంచెంగా తరుగుతుంది. దాన్ని శాశ్వతంగా తీసిపారేశామని చెబితే మిగిలిన విలువంతా ఒక్కసారే నష్టం కింద రాసుకోవచ్చు. పన్ను తగ్గుతుంది. స్ట్రీమింగ్‌లో లేదు కాబట్టి దాని పేరు మీద నటులకీ రచయితలకీ పంపాల్సిన చిల్లరా మిగులుతుంది.

దాదాపు 9 కోట్ల డాలర్ల ‘బ్యాట్‌గర్ల్’ సినిమా, ఇంట్లో కూర్చుని చూసేవాళ్ల కోసమే తీసింది, షూటింగ్ అంతా అయ్యాక ఆ ఆగస్టులో బీరువాలో పెట్టి తాళం వేశారు. ‘మింక్స్’ రెండో సీజన్ షూటింగ్ ఇంకాస్తలో పూర్తవుతుందనగా రద్దయింది. ‘స్నోపియర్సర్’ నాలుగో సీజన్ షూటింగ్ ముగించి సిద్ధంగా పెట్టాక, వేసేది లేదన్నారు. ఆ సంస్థదే అయిన హెచ్‌బీఓకి తలమానికం అనుకున్న ‘వెస్ట్‌వరల్డ్’ని రద్దు చేయడమే కాక, ఉన్న నాలుగు సీజన్లనూ తమ యాప్‌లోంచే దించేశారు. ఇంత జరుగుతుంటే డిస్నీ ఊరుకుంటుందా? ‘విల్లో’ సిరీస్‌ని మొదలెట్టిన ఆరు నెలల్లోపే, 2023 మేలో తీసిపారేసింది. అప్పుడు అలా తొలగించినవాటన్నిటికీ కలిపి ఆ సంస్థ రాసుకున్న నష్టం 150 కోట్ల డాలర్లు.

గమనించారా ఈ ప్రగతిని? 1971లో తప్పుడు ప్రేక్షకులుంటే షో పోయేది. 2018లో తప్పుడు యజమాని ఉంటే పోయేది. 2022కి వచ్చేసరికి షోని ఎవరూ చూడకపోవడమే అన్నిటికన్నా లాభసాటి అని తేలింది. ఇక మిగిలింది ఒక్కటే, అసలు తీయకుండానే నష్టం రాసుకోవడం. పన్నుల శాఖ వాళ్లు పాతకాలపు మనుషులు కాబట్టి ఇంకా ఒప్పుకోవడం లేదు.

మళ్లీ మన ఆదిగురువు దగ్గరికి వద్దాం. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వేసిన దావాను 2025 జూలైలో సీబీఎస్ మాతృసంస్థ పారమౌంట్ 1.6 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. అదే సమయంలో స్కైడాన్స్‌తో 800 కోట్ల డాలర్ల విలీనానికి ప్రభుత్వ అనుమతి కోసం ఎదురుచూస్తోంది. జూలై 14న సీబీఎస్ హాస్య వ్యాఖ్యాత స్టీఫెన్ కోల్బేర్ తన అర్ధరాత్రి ‘లేట్ షో’లో ఆ రాజీ సొమ్మును బలిసిన లంచం అన్నాడు. 17న, 2026 మేతో ఆ షోను మూసేస్తున్నట్టు సీబీఎస్ ప్రకటించింది. 24న విలీనానికి అనుమతి వచ్చింది.

ఈ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూసి నవ్వేవాళ్ల బుద్ధి వక్రబుద్ధి. ఇది కేవలం ఆర్థిక నిర్ణయమనీ, షో రేటింగ్‌తో గానీ అందులో మాట్లాడేవాటితో గానీ సంస్థలో జరుగుతున్న ఇతర విషయాలతో గానీ ఏ సంబంధమూ లేదనీ సీబీఎస్ స్వయంగా చెప్పింది. ఎవరూ అడక్కముందే చెప్పింది. ఏడాదికి 4 కోట్ల డాలర్ల దాకా నష్టమని వార్తలూ వచ్చాయి. అర్ధరాత్రి షోల ప్రకటనల ఆదాయం పడిపోతున్న మాట నిజమే. పోటీ షోల మధ్య రేటింగులో ముందున్నదే నష్టాల్లో ఉంటే వెనకున్నవాటి సంగతేమిటని అడక్కండి, అది వాళ్ల ఇంటి విషయం. 1993లో డేవిడ్ లెటర్‌మన్ వ్యాఖ్యాతగా మొదలైన ఈ షోను, మనిషిని మార్చి చౌకగా నడపొచ్చు కదా అనీ అడక్కండి. రద్దు ప్రకటన వచ్చిన రెండు నెలలకే ఆ షోకి ఎమ్మీ వచ్చింది. తీసేశాక అవార్డు తెచ్చుకోవడం సీబీఎస్‌లో 1969 నుంచీ ఉన్న సంప్రదాయమే కాబట్టి దానికీ కంగారు పడాల్సిన పని లేదు.

ఇంతా విన్నాక కూడా ఉద్యమం చేసి తీరతామనే మొండివాళ్లకి ఒక పాత ఉదంతం. 2007లో సీబీఎస్ ‘జెరికో’ని రద్దు చేస్తే, అందులో హీరో ఆఖరి ఎపిసోడ్‌లో అన్న ‘నట్స్!’ అనే మాట పట్టుకుని అభిమానులు ఆఫీసుకి పల్లీలు పంపడం మొదలెట్టారు. పొట్లాలు కాదు, లారీ లెక్కన. అన్నీ కలిపి 20 టన్నులకు పైమాటే. రిసెప్షన్‌లో పల్లీల గుట్టలు చూసి పెద్దలు దిగొచ్చి ఏడంటే ఏడు ఎపిసోడ్లు ఇచ్చారు. 2008లో మళ్లీ రద్దు చేశారు. ఎపిసోడ్‌కి మూడు టన్నుల చొప్పున పడింది. ఆ రేటు ఇప్పుడు పెరిగి ఉంటుంది. పంపాలనుకున్నవాళ్లు బస్తాలు కట్టేముందు ఆ ఛానెల్ ఈ వారం ఎవరి చేతిలో ఉందో కనుక్కుని అడ్రస్ రాయించండి.