రాయిని మళ్ళీ దొర్లించే కమిటీ

యేసు సమాధికి కాపలా కావాలని వచ్చిన పెద్దలతో పిలాతు, వెళ్ళి మీ చేతనైనంత మట్టుకు భద్రం చేసుకోండి అన్నాడని మత్తయి రాశాడు. పాపం, వాళ్ళకి చేతకాలేదు. రాయికి ముద్ర వేశారు, సైనికుల్ని నిలబెట్టారు, మూడో రోజుకి ఆయన లేచాడు, అంతా వృథా. ఆ పనిని సవ్యంగా చేయగలిగింది విశ్వాసులమైన మనమే. ముద్రలూ ఈటెలూ అక్కర్లేదు. ఈస్టర్ ఉదయం గొంతు చించుకుని పాడతాం. సోమవారం అలారం మోగేసరికి రాయి దాని చోట దానికి ఉంటుంది.

దీన్ని తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళలో లేను. పునరుత్థానాన్ని అదుపు లేకుండా వదిలేస్తే ఏమవుతుందో అపొస్తలుల కార్యాల్లోనే ఉంది. పొలాలున్నవాళ్ళు అమ్మి డబ్బు తెచ్చారు, సంఘంలో ఎవరికీ కొదువ లేకుండా పోయింది. కొదువే లేని చోట పెద్దమనిషిగా చలామణీ కావడం ఎంత కష్టమో ఎవరైనా ఆలోచించారా?

పైగా మనకి లేఖనాధారం ఉంది. ఆయన లేచిన రోజు సాయంత్రం శిష్యులు భయపడి తలుపులు మూసుకుని కూర్చున్నారు. సరే, అప్పటికి చూడలేదు. చూశారు, సంతోషించారు. ఎనిమిది రోజుల తర్వాత యోహాను మళ్ళీ అదే గది చూపిస్తాడు. తలుపులు మూసే ఉన్నాయి! ఉద్యోగం, ఇన్సూరెన్స్, పిల్లల ఫీజుల టెన్షన్‌తో మనం వేసుకునే గడియ కొత్తదేం కాదు.

చిక్కంతా పౌలుతోనే. కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరంలో "ఓ మరణమా, నీ ముల్లెక్కడ?" అని ఉరిమి, మీ ప్రయాస వ్యర్థం కాదని చెప్పి, మరుక్షణమే యెరూషలేములోని పరిశుద్ధుల కోసం చందా సంగతి ఎత్తుతాడు. ప్రతి ఆదివారం ఎవరికి తగ్గట్టు వాళ్ళు కొంత తీసి పక్కన పెట్టాలట. ఉత్తరంలో ఆ రెంటికీ మధ్య గీత లేదు. అధ్యాయాలు 13వ శతాబ్దంలో వచ్చాయి, ఇంగ్లాండ్ ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ చలవే అంటారు. సరిగ్గా అక్కడ 16 అని అంకె పడడం మన అదృష్టం. 15వ అధ్యాయాన్ని ఈస్టర్‌కీ చదువుతాం, సమాధుల దగ్గరా చదువుతాం. 16వది ఇంకా పరిశీలనలో ఉంది. మరణాన్ని నిలదీసిన గొంతే కానుకల సంచి దగ్గరికి వచ్చేసరికి చిన్న దగ్గుగా మారుతుంది. కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నా సరే, వేళ్ళు మాత్రం పర్సులో చిన్న నోటును తడిమి పట్టేస్తాయి.

ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస కాలం, లెంట్, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా 50. అంటే సంతోషానికే పది రోజులు ఎక్కువ. 325లో బిషప్పులంతా కూడిన నైసియా సభ తన 20వ నిబంధనలో ఆ యాభై రోజులూ, ఆదివారాలూ మోకరించకుండా నిలబడి ప్రార్థించమంది కూడా. కానీ ఉపవాసానికైతే చార్టు ఉంటుంది, ఏం మానేశామో నలుగురికీ చెప్పుకోవచ్చు. యాభై రోజులు ఇంట్లోవాళ్ళ మీద అరవకుండా ఉంటే ఎవరికని చెప్పుకుంటాం?

నా సంగతీ దాచను. ఉమ్మడి గోడ గురించి మా అన్నయ్యకీ నాకూ ఏడేళ్ళుగా మాటల్లేవు. మరణం ఓడిపోయిందని ఇద్దరం నమ్ముతాం. గోడ విషయమే ఇంకా తేలలేదు. మొన్న ఈస్టర్ ఆరాధనకి ఆలస్యంగా వెళ్ళి, ఖాళీ కనిపించిన చోట కూలబడ్డాను. పక్కన చూస్తే ఆయనే. పాస్టర్‌గారు, "పక్కవారి చేయి పట్టుకుని క్రీస్తు లేచెనని చెప్పండి" అన్నారు. తప్పుతుందా? వేళ్ళ చివర్లు పట్టుకున్నాం.

"క్రీస్తు లేచెను" అన్నాడు అన్నయ్య, కిటికీ వైపు చూస్తూ.

"నిజముగా లేచెను" అన్నాను. గ్రాంథికంలో అంటే మాట్లాడినట్టు లెక్కలోకి రాదు కదా.

అక్కడితో అయిపోవాలి. ఆయన చెయ్యి వదల్లేదు. "అమ్మ మోకాలు ఎలా ఉందిరా?" అన్నాడు.

ఆరాధన క్రమం అచ్చు వేసిన కాగితం తీసి చూశాను. తర్వాత పాట ఉంది, ఆ తర్వాత ప్రకటనలు ఉన్నాయి. ఈ ప్రశ్న ఎక్కడా లేదు.