సవరణ: ఈశ్వరీబాయి గారు సికింద్రాబాద్ ఎమ్మెల్యే కారు

మొన్నటి పోస్టులో దళిత నాయకురాలు జె. ఈశ్వరీబాయి గారిని "సికింద్రాబాద్ ఎమ్మెల్యే" అని రాశాను. తప్పు. సికింద్రాబాద్‌లోని చిలకలగూడలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ ఫోన్ చేసి చెప్పారు. ఆమెకు కృతజ్ఞతలు.

ఈశ్వరీబాయి గారు 1918లో చిలకలగూడలోనే పుట్టారు. అసెంబ్లీకి మాత్రం 1967లోనూ, 1972లోనూ అప్పటి నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి నుంచి గెలిచారు. ఇప్పుడది కామారెడ్డి జిల్లా. 1967లో ఆమె చేతిలో ఓడింది కూడా మామూలు అభ్యర్థి కాదు, అంతకుముందు డిప్యూటీ స్పీకర్‌గా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి గారు. ఇద్దరూ దళిత మహిళలు, ఇద్దరూ జంటనగరాల బస్తీల నుంచి ఎదిగినవాళ్లే. ఈ మాట ఆ పోస్టులో లేకపోవడం నాకు మరీ బాధగా ఉంది.

ఇంకొకటి. ఆమె ప్రజాజీవితం అసెంబ్లీతోనే మొదలైనట్టు రాశాను. అదీ సరికాదు. అంతకు చాలా ఏళ్ల ముందే ఆమె బడిలో పాఠాలు చెప్పారు, చిలకలగూడ నుంచి కౌన్సిలర్‌గా గెలిచారు, అంబేద్కర్ బాటలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లో, ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీలో పనిచేశారు. చట్టసభలో ఆమె అంత గట్టిగా మాట్లాడగలిగారంటే ఆ గొంతు బస్తీలో తయారైందనే నేను నమ్ముతాను. 1969 తెలంగాణ ఉద్యమంలో జైలుకూ వెళ్లారు.

పాత పోస్టును సరిదిద్దాను. దాన్ని ముందే ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా పంపండి.